డబ్బా మూత దగ్గర మొదలయ్యే ఇంగ్లీషు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక చిన్న పట్టణం. నర్సరీ నుంచి అయిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం బడి నడుపుతున్నాను. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీలకు కలిపి ఆరుగురు టీచర్లు, ఇద్దరు ఆయమ్మలు ఉన్నారు. ఎక్కువమంది పిల్లల ఇళ్ళలో తెలుగే. కొందరు లంబాడీ తండాల నుంచి వస్తారు, నలుగురైదుగురు ఉర్దూ మాట్లాడే ఇళ్ళవాళ్ళు. "ఏడాదైంది, మా వాడు ఒక్క ముక్క ఇంగ్లీషు మాట్లాడడు" అని తల్లిదండ్రులు నిలదీస్తున్నారు. పోయిన వేసవిలో హైదరాబాదు నుంచి శిక్షకులను పిలిపించి రెండు రోజులు టీచర్లకు తరగతులు పెట్టించాను. సర్టిఫికెట్లు వచ్చాయి గానీ తరగతిలో ఏ మార్పూ రాలేదు. బడిలో భాగస్వామి అయిన మా బావగారు, తెలుగు మాట్లాడితే జరిమానా వేద్దామంటున్నారు. ఎల్‌కేజీలో తండా నుంచి వచ్చే పాప ఒకతె జూన్‌లో చేరింది. నాలుగు నెలలైనా నోరు విప్పలేదు. టీచర్లేమో "మాకే ఇంగ్లీషు సరిగా రాదు మేడం, పిల్లలకేం నేర్పుతాం" అని నాతో చాటుగా అంటున్నారు. వాళ్ళకు ఎలాంటి శిక్షణ ఇవ్వాలి? మళ్ళీ హైదరాబాదు వాళ్ళనే పిలవమంటారా?
— ఒక ప్రధానోపాధ్యాయురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం మీ టీచర్లది. "మాకే ఇంగ్లీషు సరిగా రాదు" అని వాళ్ళు మీతో చెప్పుకోగలిగారు. ఇరవై ఏళ్ళకు పైగా చిన్న తరగతుల టీచర్ల మధ్య తిరుగుతున్నాను. ఆ మాట పైవాళ్ళ దగ్గర పైకి అనడానికి చాలాచోట్ల టీచర్లకు ధైర్యం చాలదు. మీ దగ్గర అనగలిగారంటే మీ మీద వాళ్ళకు నమ్మకం ఉంది. శిక్షణ మొదలుపెట్టవలసిన చోటు కూడా అదే.

ఇంగ్లీషంటే బెరుకు ఉన్న టీచరు తరగతిలో ఏం చేస్తుందో గమనించండి. తప్పు దొర్లే అవకాశం లేని మాటలు నాలుగు ఏరుకుంటుంది. కూర్చో, లేచి నిలబడు, చప్పుడు చేయకు, రాయి, వెరీ గుడ్. ఇవి మాత్రం ఇంగ్లీషులో వస్తాయి, మిగిలినదంతా తెలుగులో నడుస్తుంది. నాలుగేళ్ళ బిడ్డకు అందులో అర్థమయ్యేది ఒక్కటే: ఇంగ్లీషంటే పెద్దవాళ్ళు గద్దించే భాష. గద్దింపుకు ఎవరూ బదులు చెప్పరు, చెప్పినట్టు చేసి ఊరుకుంటారు. మీ పిల్లలు ఏడాదిగా చేస్తున్నది అదే. వాళ్ళు ఇంగ్లీషు నేర్చుకోలేదనడం సరికాదు. కూర్చోమంటే కూర్చుంటున్నారు కదా, వినిపించినంతా నేర్చుకున్నారు. వినిపించిందే తక్కువ.

కాబట్టి ముందుగా ఒక పని చేయండి. ఒక్కో టీచరు తరగతిలో ఇరవై నిమిషాలు వెనక చాప మీద కూర్చుని, ఆమె నోటి నుంచి వచ్చిన ప్రతి ఇంగ్లీషు మాటా ఒక పుస్తకంలో రాయండి. తప్పులు పట్టడానికి కాదని ముందే చెప్పండి. తరువాత ఆ పేజీని ఆమె చేతికే ఇచ్చి, "వీటిలో పిల్లలు బదులు చెప్పగలిగినవి ఎన్ని ఉన్నాయో మీరే గుర్తు పెట్టండి" అనండి. అంతకు మించి ఏమీ అనకండి. నేను ఇలా ఇచ్చిన మొదటి టీచరు ఆ పేజీని చాలాసేపు చూసి, "నేను పోలీసులా ఉన్నానే" అంది. రెండు రోజుల ఉపన్యాసంతో రాని మార్పు ఆమెలో ఆ పేజీతో మొదలైంది.

ఇప్పుడు ఇంగ్లీషు ఎక్కడ పెట్టాలన్నది చూద్దాం. రోజంతా ఇంగ్లీషులోనే మాట్లాడాలని మీ టీచర్లకు నిబంధన పెట్టకండి. ఇంకా తడుముకుంటున్న మనిషిని ఆరు గంటలు ఇంగ్లీషులో మాట్లాడమంటే మళ్ళీ ఆ గద్దింపులే మిగులుతాయి. దానికి బదులు రోజులో రెండు మూడు చోట్లు ఎంచుకోండి. అక్కడ మాటలు ముందే సిద్ధం చేసుకుని, నిండుగా, ప్రేమగా, ఇంగ్లీషులో మాట్లాడాలి. అన్నిటికంటే మొదట నేను ఎంచుకునేది మధ్యాహ్నం డబ్బాలు విప్పే వేళ. చాలా బడుల్లో అప్పుడు టీచరు నిలబడి కాపలా కాస్తుంది. ఆమెను కింద కూర్చోబెట్టండి, అయిదుగురు పిల్లల మధ్య, తన డబ్బాతో సహా.

ఒకసారి నేను పక్కనుండి చూసిన సంగతి చెబుతాను. ఎల్‌కేజీ కుర్రవాడు స్టీలు డబ్బా పట్టుకుని టీచరు దగ్గరికి వచ్చాడు. "టీచర్, మూత రావడం లేదు." టీచరు డబ్బా అందుకుని, తిప్పుతున్నట్టు, రానట్టు ముఖం పెట్టి, "ఓ, ఇట్స్ టైట్! వెరీ టైట్!" అంది. వాడు నవ్వాడు. ఆమె మూతను కొంచెం వదులు చేసి వాడి చేతికే ఇచ్చింది. "నౌ యూ ఓపెన్ ఇట్." వాడు లాగితే టప్పున ఊడింది. "యూ ఓపెన్డ్ ఇట్!" అని ఆమె చప్పట్లు కొట్టింది. ఆ మాటలకు తెలుగులో అర్థం చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు. మర్నాడు వాడు మళ్ళీ వచ్చాడు, డబ్బా ముందుకు చాచి, ఒకే ఒక్క మాట: "టైట్, టీచర్." నాకు బాగా గుర్తు, ఆ రోజు మూత ఏమంత గట్టిగా లేదు. ఆ మాట వాడటం కోసమే వచ్చాడు. రెండు వారాల్లో వాడి చెప్పుల పట్టీ కూడా టైటే, నీళ్ళ సీసా మూతా టైటే.

ఆ టీచరు ఇంగ్లీషు గొప్పదేమీ కాదు. వస్తువు చేతిలో ఉంది, అవసరం బిడ్డది, మాట చిన్నది, ఆ మాట అదే సందర్భంలో మళ్ళీ మళ్ళీ వచ్చింది. మీ శిక్షణలో టీచర్లు పట్టుకోవలసినది ఇదే. డబ్బా విప్పే వేళకు పది వాక్యాలు, చేతులు కడిగే వేళకు పది, బ్యాగు సర్దుకునే వేళకు పది. ఆరుగురూ కలిసి కూర్చుని వాళ్ళే రాసుకోవాలి. ఒకరు పిల్లవాడిగా, ఒకరు టీచరుగా మారి ఒకరి మీద ఒకరు పలికి చూసుకోవాలి. ముప్ఫై వాక్యాలు నాలుక మీద ఆడితే బెరుకు సగం పోతుంది.

ఇక ఇంగ్లీషు కొత్తగా వింటున్న బిడ్డ లోపల ఏం జరుగుతుందో మీ టీచర్లందరూ తెలుసుకోవాలి. లేకపోతే సహజంగా జరిగేదాన్ని జబ్బు అనుకుంటారు. అమెరికాలో వేరే భాషల ఇళ్ళ నుంచి వచ్చే చిన్నపిల్లలను గమనించి ప్యాటన్ టేబర్స్ అనే పరిశోధకురాలు 1997లో వివరంగా రాశారు. బిడ్డ మొదట బడిలో కూడా ఇంటి భాషే మాట్లాడతాడు. ఎవరికీ అర్థం కావడం లేదని తెలిశాక మాట మానేస్తాడు. ఆ మౌనం కొందరిలో వారాలు, కొందరిలో నెలలు సాగుతుంది. ఆ రోజుల్లో వాడు ఖాళీగా ఉండడు. వేలితో చూపిస్తాడు, పెదవులు కదుపుతాడు, పక్కవాళ్ళను చూసి చేస్తాడు, లోపల కూడబెట్టుకుంటాడు. తరువాత ఒంటి మాటలు, ఎవరో అన్నది అన్నట్టుగా దించిన ముక్కలు వస్తాయి. సొంత వాక్యాలు అన్నిటికంటే చివర.

అక్కడికీ ఇక్కడికీ ఒక పెద్ద తేడా ఉంది. అమెరికా తరగతిలో టీచరుకు తరచుగా బిడ్డ భాష తెలియదు. అందుకే అక్కడి శిక్షణల్లో, బిడ్డ చేరిన మొదటి వారంలోనే తల్లిని అడిగి నీళ్ళు, బాత్రూమ్, నొప్పి, అమ్మ వస్తుంది వంటి మాటలు ఇంటి భాషలో ఎలా అంటారో రాసిపెట్టుకోమని నేర్పుతారు. 1965లో మొదలైన హెడ్ స్టార్ట్ అనే ప్రభుత్వ బాలబడుల పథకం 2016లో తెచ్చిన ప్రమాణాల్లో, రెండు భాషల మధ్య పెరగడాన్ని బిడ్డకున్న బలంగా గుర్తించమని ఉంది. డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు ప్రీ-కే అనే చిన్నపిల్లల తరగతిలో చేరితే, "నీళ్ళు" అన్న ఒక్క తెలుగు మాట కోసం టీచరు తల్లి దగ్గర పాఠం చెప్పించుకోవలసిందే. మీ టీచర్లకు ఆ తెలుగు పుట్టుకతో వచ్చింది. అక్కడ వెతుక్కునేది మీ చేతిలో ఉంటే, దాన్ని జరిమానా పెట్టి బయటికి పంపుతామంటున్నారు మీ బావగారు.

జరిమానా మాట ఎత్తవద్దని ఆయనకు గట్టిగా చెప్పండి. 2009లో కడప జిల్లాలో తెలుగులో మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన ఉదంతం పత్రికల్లో వచ్చి ఎంత గొడవ అయిందో ఆయనకు గుర్తుండే ఉంటుంది. అది పరువుకు సంబంధించిన సంగతి. దానికంటే నాకు బాధ కలిగించేది వేరే ఉంది. తెలుగులో మాట్లాడితే శిక్ష అని తెలిసిన బిడ్డ ఇంగ్లీషులోకి దూకడు, మాట్లాడటమే మానేస్తాడు. మాట్లాడని బిడ్డకు ఏ భాషా రాదు.

ఆయన లెక్కలు అడిగే మనిషైతే ఇది చెప్పండి. కెనడాలో జిమ్ కమిన్స్ అనే ఆచార్యుడు వలస వచ్చిన పిల్లలను పరిశీలించి, ఆటపాటల్లో మాట్లాడుకునే ఇంగ్లీషుకు రెండేళ్ళ వరకు, పాఠాలు చదివి అర్థం చేసుకునే ఇంగ్లీషుకు అయిదు నుంచి ఏడేళ్ళ వరకు పడుతుందని చెప్పారు. అదీ వీధిలో, దుకాణంలో, టీవీలో ఇంగ్లీషే మోగే దేశంలో. మన పిల్లలకు ఇంగ్లీషు వినిపించేది బడిలోనే. ఆయనే 1979లో మరో మాట చెప్పారు: ఒక భాషలో గట్టిగా నేర్చుకున్నది రెండో భాషకు ఆసరా అవుతుందని. "బరువు, తేలిక" అనే తేడా తెలుగులో చేతికి తెలిసిన బిడ్డకు ఇంగ్లీషులో రెండు పేర్లు నేర్పితే చాలు. ఆ తేడాయే తెలియని బిడ్డకు పేరు నేర్పితే చిలకపలుకవుతుంది. 2020 జాతీయ విద్యా విధానం వీలైనంత వరకు కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలంటుంది. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఇంటి భాషే నేర్చుకోవడానికి ఆధారమంటుంది. మీది ఇంగ్లీషు మీడియం బడి కాబట్టి ఇది మీకు వర్తించదని అనుకోవద్దు. మీ బడికి ఇంకా ఎక్కువ అవసరం.

అయితే తెలుగు వాడమన్నానని ప్రతి ఇంగ్లీషు వాక్యం వెనకా తెలుగు తోక తగిలించకూడదు. ఇది మన టీచర్లందరికీ ఉన్న అలవాటు. "ఓపెన్ ద బుక్, పుస్తకం తెరవండి. టేక్ ద పెన్సిల్, పెన్సిల్ తీయండి." వెనకే తెలుగు వస్తుందని తెలిసిన బిడ్డ ఇంగ్లీషు వచ్చినంతసేపూ చెవులు మూసుకుని కూర్చుంటాడు. కొత్త మాట మొదటిసారి వచ్చినప్పుడు ఇంగ్లీషులో చెప్పి, ఒక్కసారి తెలుగులో చెప్పి, మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాలి. రెండో రోజు తెలుగు తీసేసి చేత్తో చూపించాలి. మూడో రోజు చేయి కూడా దించేయాలి. భయం, ఏడుపు, తగాదా, ఒంట్లో బాగాలేకపోవడం, వీటన్నిటికీ మాత్రం బిడ్డ భాషే. ఏడుస్తున్న పిల్లకు ఇంగ్లీషు పాఠం చెప్పకూడదు.

కథ ఒక్కటి తీసుకుని వారమంతా నడపడం మీ టీచర్లకు నేర్పండి. ఒక మేక కథ అనుకోండి. అవ్వ దండెం మీద ఆరేసిన బట్టలన్నీ మేక ఒక్కొక్కటే నమిలేస్తుంది. సోమవారం పూర్తిగా తెలుగులో చెప్పాలి, హావభావాలతో, పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేలా. మంగళవారం అదే కథ తెలుగులోనే, కానీ మేక గోట్ అవుతుంది, చొక్కా షర్ట్ అవుతుంది, బట్ట మాయమైన ప్రతిసారీ అవ్వ "నో, నో, గోట్!" అని అరుస్తుంది. బుధవారం బొమ్మలు చూపిస్తూ చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలతో చెబితే కథ ముందే తెలుసు కాబట్టి బిడ్డ భాష కోసం తడుముకోడు. గురువారం నిజం దండెం కట్టి బట్టలు వేసి ఆడించాలి. శుక్రవారం టీచరు ఒక్కో వాక్యం మధ్యలో ఆగాలి. "ద గోట్ ఏట్ ద..." అని ఆగి, ఎదురు చూడాలి.

ఆ ఎదురు చూడటం అనుకున్నంత సులభం కాదు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదులు రికార్డు చేసి వింటే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు, ఆపైన ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, పలకనివాళ్ళు పలికారు. అవి సొంత భాషలో పాఠాలు వినే పిల్లల తరగతులే. రెండో భాషలో వెతుక్కుంటున్న బిడ్డకు ఇంకా ఎక్కువ కావాలి. మీ టీచర్లను మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టమనండి. మొదట్లో ఆ నిశ్శబ్దం వాళ్ళకే భరించరానిదిగా ఉంటుంది.

తప్పులు దిద్దడం గురించి కూడా మీ టీచర్లతో మాట్లాడాలి. పిల్ల "ఐ వాటర్ వాంట్" అంది అనుకోండి. అది తప్పులా వినిపిస్తుంది గానీ, "నాకు నీళ్ళు కావాలి" అన్న తెలుగు వాక్యం నడకలోనే ఆ పిల్ల ఇంగ్లీషు మాటలు పేర్చింది. అంటే బుర్ర పనిచేస్తోంది. "తప్పు, మళ్ళీ చెప్పు" అంటే ఆ పిల్ల రేపు నీళ్ళు కూడా అడగదు. "యూ వాంట్ వాటర్? కమ్, లెట్స్ గెట్ వాటర్" అని సరైన వాక్యాన్ని బదులులో కలిపి అందిస్తే సరిపోతుంది. క్యాటు, బుక్కు, ఇస్కూలు కూడా అంతే. మన మాటలు అచ్చులతో ముగుస్తాయి, నాలుక ఆ దారికి అలవాటు పడింది, విని విని దానంతటదే సర్దుకుంటుంది. "టీచర్, వీడు మై పెన్సిల్ తీసుకున్నాడు" అని రెండు భాషలు కలిపినా కంగారు పడకూడదు. పెద్దవాళ్ళం మనం చేస్తున్నదే కదా.

ఇంగ్లీషు అక్షరాల ధ్వనులు నేర్పే కిట్లు మీకు అమ్మజూపి ఉంటారు. అవి చెడ్డవని నేను అనను, కానీ మాట తెలియని బిడ్డకు ఆ మాటలోని ధ్వని విడదీయడం నేర్పితే ప్రయోజనం ఏముంది? మన పిల్లలకు మాటను అక్షరాలుగా చప్పట్లు కొట్టి విడదీయడం బాగా వస్తుంది, "మా-మి-డి" అని. అక్కడి నుంచి మొదటి ధ్వని గుర్తుపట్టే ఆటలకు, ఆపైన యూకేజీ రెండో సగంలో అక్షరాలకు వెళ్ళండి. నర్సరీలో నాలుగు గీతల కాపీ పుస్తకం మాత్రం దయచేసి మూసేయండి.

ఇదంతా టీచర్లకు ఎలా చేరాలి? మళ్ళీ హైదరాబాదు వాళ్ళను పిలవకండి. వాళ్ళు చెప్పింది తప్పని కాదు. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే ఇద్దరు 1980ల్లోనే తేల్చిన సంగతి ఇది: విన్నది, చూసింది, శిక్షణ గదిలో ఒకసారి చేసి చూసింది కూడా తరగతిలోకి వచ్చేసరికి నిలవడం అరుదు. తరగతిలో పక్కన ఒకరుండి చేయిస్తేనే నిలుస్తుంది. ఆ పక్కనుండే మనిషి మీరే కావాలి. వారానికి ఒక గంట, పిల్లలు వెళ్ళాక, జీతం కట్టిన గంట. ఆదివారం పిలవకండి. ఇంట్లో చాకిరీ వదిలి వచ్చిన మనిషి చెవులు ఇక్కడ ఉండవు. ఒక పక్షానికి ఒకే ఒక్క అలవాటు ఎంచుకోండి. మొదటి పక్షం డబ్బా వేళ మాటలు, రెండో పక్షం ప్రశ్న అడిగాక ఆగడం, ఇలా. ఆ గంటలో ముందు మీరు చేసి చూపించండి, వాళ్ళ చేత చేయించండి, మర్నాడు తరగతిలో పది నిమిషాలు చూడండి, సాయంత్రం అయిదు నిమిషాలు మాట్లాడండి. ఏం చూడాలో ముందు టీచరే చెప్పాలి. "నేను ఆగుతున్నానో లేదో చూడండి మేడం" అని ఆమె అడిగితే అదే చూడండి, గోడ మీద చార్టు వంకరగా ఉందని చెప్పకండి.

మీరు చేసి చూపించమన్నది ఊరికే అనలేదు. మీరు ప్రధానోపాధ్యాయురాలు కాబట్టి, మీ ఇంగ్లీషు తడబడటం వాళ్ళు చూడాలి. పిల్లల ముందు మేక కథ చెబుతూ మధ్యలో మాట దొరక్క మీరు చేత్తో అభినయించి గట్టెక్కితే, ఆ ఆరుగురికీ కొండంత ధైర్యం వస్తుంది.

తరగతిలో ఎంతమంది ఉన్నారో మీరు రాయలేదు. విద్యా విధానం బడి మొత్తానికి టీచరు ఒక్కరికి ముప్ఫై మంది లోపు ఉండాలంటుంది. మీ దగ్గర అంతకు మించి ఉంటే తరగతిని సగం చేసి, సగం మందిని ఆయమ్మతో ఇసుకలోనో మట్టితోనో ఆడించి, మిగిలిన సగంతో టీచరు కూర్చోవాలి. నలభై మందికి ఒకేసారి చెప్పే ఇంగ్లీషు మళ్ళీ గద్దింపుల దగ్గరికే చేరుతుంది.

ఆయమ్మ మాట వచ్చింది కాబట్టి ఆ తండా పాప సంగతికి వస్తాను. ఉత్తరం చదివినప్పటి నుంచి ఆ పాపే కళ్ళ ముందు ఉంది. మీరు ఆమె ఇంగ్లీషు మాట్లాడటం లేదని చూస్తున్నారు. ఆ బిడ్డకు తెలుగు కూడా బడి భాషే. ఇంట్లో అమ్మ "యాడి", నీళ్ళు "పాణి". ఒకేసారి రెండు పరాయి భాషలు మీద పడితే మౌనంగా ఉండటం ఆమెకు తోచిన తెలివైన పని. ముందు ఒకటి తెలుసుకోండి, ఇంట్లో తన భాషలో గలగలా మాట్లాడుతుందా? తల్లిని పిలిచి అడగండి, వీలైతే తండాకు వెళ్ళి చూడండి. ఇంట్లో కూడా మాట లేకపోయినా, పిలిస్తే తల తిప్పకపోయినా ఆలస్యం చేయకుండా జిల్లా ఆసుపత్రిలో చెవి పరీక్ష చేయించాలి. ఇంట్లో మాట్లాడుతోందంటే భయం లేదు.

అప్పుడు ఆ పాపకు కావలసినవి కొన్నే. మీ ఆయమ్మల్లో ఎవరికైనా లంబాడీ వచ్చా? వస్తే ఆ అమ్మను మీ వారపు గంటలో టీచర్లతో సమానంగా కూర్చోబెట్టండి. చిన్నపిల్లల బడిలో బిడ్డ ముక్కు తుడిచేది, జడ వేసేది, బాత్రూమ్‌కు తీసుకెళ్ళేది ఆమె. రోజులో ఆ పాప పక్కన ఎక్కువసేపు ఉండేది ఆమే. ఆ అమ్మ చేత ఓ ఇరవై మాటలు తెలుగు లిపిలో రాయించి టీచరు బల్ల మీద పెట్టండి. టీచరు ఉదయం ఆ పాపను తన భాషలో ఒక్క మాటతో పలకరిస్తే ఆ ముఖం ఎలా మారుతుందో మీరే చూస్తారు. ఉర్దూ ఇళ్ళ పిల్లలకూ అదే పద్ధతి. "పేరు చెప్పు, పాట పాడు" అని అందరి ముందు ఆ పాపను నిలబెట్టకండి. బొమ్మ చూపించడం, కాగితాలు పంచడం, దండెం మీద చొక్కా వేయడం వంటి నోరు అవసరం లేని పనులు ఇవ్వండి. ఆమెను అడగకుండా ఆమె పక్కన మాట్లాడండి. "యూ ఆర్ హ్యాంగింగ్ ద రెడ్ షర్ట్" అని ఆమె చేస్తున్న పనికి మాట తొడగండి. మాట్లాడే పిల్ల ఒకతెను జతగా కూర్చోబెట్టండి. ఆ పాప నోటి నుంచి మొదట వచ్చేది లంబాడీ కావచ్చు, తెలుగు కావచ్చు, ఇంగ్లీషు కావచ్చు. ఏదైనా అదే ఉత్సాహంతో అందుకోవాలని టీచరుతో ముందే అనుకోండి.

తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళేటప్పుడు మాట ఇవ్వకండి, చూపించండి. ఇప్పుడే ప్రతి బిడ్డనూ ఒక బొమ్మ గురించి మాట్లాడించి, ఏ భాషలో మాట్లాడినా సరే, తల్లిదండ్రుల అనుమతితో ఫోనులో రికార్డు చేసి పెట్టండి. జనవరిలో అదే బొమ్మతో మళ్ళీ చేసి రెండూ ఎవరి బిడ్డవి వాళ్ళకు వినిపించండి. మార్కుల కాగితం కంటే అది నమ్మకంగా ఉంటుంది. ఇంకొక్క మాట వాళ్ళకు తప్పకుండా చెప్పాలి. "ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడండి" అని కొన్ని బడులు చెబుతాయి, మీరు చెప్పకండి. రాని భాషలో బిడ్డతో మాట్లాడే తల్లికి "తిను, పడుకో, రాయి" తప్ప ఏం మిగులుతుంది? ఆ తల్లి పొలంలో జరిగింది, సంతలో జరిగింది తన భాషలో చెబితే బిడ్డకు వంద మాటలు, వంద సంగతులు వస్తాయి. ఆ సంగతులకు ఇంగ్లీషు పేర్లు మీ టీచర్లు పెడతారు.

రెండో విడత శిక్షణకు మీరు ఎత్తిపెట్టిన డబ్బు ఉంటుంది కదా. అందులో కొంత బొమ్మల కథల పుస్తకాలకు, పిల్లలు తీసుకుని చింపినా ఫరవాలేదనుకునేవాటికి పెట్టండి. కొంత టీచర్లకు ఆ వారపు గంటల జీతంగా, మిగిలినది ఆ లంబాడీ తెలిసిన ఆయమ్మకు జీతం పెంపుగా ఇవ్వండి. రేపు మధ్యాహ్నం డబ్బాలు విప్పే వేళకు మీ డబ్బా కూడా పట్టుకుని ఎల్‌కేజీ గదికి వెళ్ళండి.